తేలిక బుల్లెట్లకు 1:12 మంచిదా, 1:8 మంచిదా? రెండూ వాడాక నా అభిప్రాయం

.223 రెమింగ్టన్ అనే తూటా వాడే రెండు బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకూ చేత్తో పిడి లాగి తూటా ఎక్కించే) రైఫిళ్లు కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒకటి 1:12 ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాడుల మెలిక) ఉన్న పాత రెమింగ్టన్ 700, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రెండోది 1:8 ట్విస్ట్ ఉన్న టిక్కా టీ3ఎక్స్. ఉండేది టెక్సస్‌లో కాబట్టి కాల్చుకోవడానికి చోటుకు కరువు లేదు. ఎక్కువగా రేంజ్‌లో 100, 200 గజాల దూరంలో కాగితం టార్గెట్ల మీద, అప్పుడప్పుడు పాన్‌హ్యాండిల్ వైపు పచ్చిక బయళ్లలో ప్రెయిరీ డాగ్‌ల (ఉడుత జాతి చిన్న జంతువుల) మీద. వాడేవి దాదాపు అన్నీ 40 నుంచి 55 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలిచే చిన్న కొలమానం) బుల్లెట్లే. కొత్తగా రైఫిల్ కొందామనుకునే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, తేలిక బుల్లెట్లకు 1:8 పనికిరాదటగా?" అని. బాగానే పనికొస్తుంది. కాకపోతే ఏ బుల్లెట్ అన్నది చూసుకోవాలి.

1:12 అంటే బుల్లెట్ బ్యారెల్‌లో 12 అంగుళాలు వెళ్లేసరికి ఒక చుట్టు తిరుగుతుందని. రెండో అంకె తగ్గేకొద్దీ తిప్పుడు పెరుగుతుంది. తిప్పుడు చాలకపోతే బుల్లెట్ వేగం తగ్గిన బొంగరంలా తూలుతుంది. ఎంత తిప్పుడు కావాలన్నది బరువు కంటే పొడవు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఒకే క్యాలిబర్‌లో (అంటే ఒకే వ్యాసంలో) బరువైన బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి అందరం బరువుతో మాట్లాడేస్తాం, అంతే. 1879లో ఇంగ్లండ్‌లో జార్జ్ గ్రీన్‌హిల్ ఇచ్చిన పాత సూత్రంలో కూడా బరువు ఊసే లేదు. బుల్లెట్ వ్యాసం వర్గాన్ని 150తో గుణించి పొడవుతో భాగిస్తే (అన్నీ అంగుళాల్లో) కావలసిన ట్విస్ట్ వచ్చేస్తుంది. ఇప్పుడు అందరూ వాడే డాన్ మిల్లర్ సూత్రంలో బరువు కూడా ఉంది గానీ, ఫలితాన్ని ఎక్కువగా మార్చేది పొడవే.

మిల్లర్ లెక్కలో వచ్చేది బుల్లెట్ నిలకడను చెప్పే అంకె. అది 1 కంటే తక్కువ వస్తే బుల్లెట్ నిలకడగా పోదు. 1.4, 1.5 వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. ముప్పాతిక అంగుళం పొడవుండే మామూలు 55 గ్రెయిన్ల బుల్లెట్‌కు నా 1:12 బ్యారెల్‌లో 1.3, 1.4 మధ్య వస్తుంది. అదే బుల్లెట్‌కు 1:8లో దాదాపు 3. సుమారు అంగుళం పొడవుండే 77 గ్రెయిన్ల బుల్లెట్‌కు 1:12లో 0.8 దగ్గరే ఆగిపోతుంది. దీన్ని కళ్లారా చూశాను. ఒక మిత్రుడు తన 77 గ్రెయిన్ల తూటాలు నా 1:12లో వేసి 100 గజాల్లో కాల్చాడు. కాగితం మీద గుండ్రటి రంధ్రాలు లేవు. బుల్లెట్‌ను పక్కకు పడుకోబెట్టి గుచ్చినట్టు, ముక్కు నుంచి మడమ దాకా పూర్తి ఆకారంలో కోలగా చిరిగింది. రెండు మూడు గుండ్లైతే అసలు కాగితానికే తగల్లేదు.

ఇక తేలిక బుల్లెట్ల సంగతి. 1:12లో 50 గ్రెయిన్ల వీ-మ్యాక్స్ (చిన్న జంతువుల వేటకు చేసే రకం), 52 గ్రెయిన్ల ఫ్లాట్ బేస్ మ్యాచ్ (అడుగు చదునుగా ఉండే, పోటీలకు చేసే) బుల్లెట్లు ఏ గొడవా లేకుండా అర అంగుళం దరిదాపుల్లో గ్రూప్ (గుండ్లు పడ్డ చోట్ల మధ్య వెడల్పు) ఇస్తాయి. 40 గ్రెయిన్లవీ అంతే. టిక్కాలో అవే వీ-మ్యాక్స్‌లు కాలిస్తే గ్రూప్ కాస్త విచ్చుకుంటుంది, ముప్పావు అంగుళం అనుకోండి. మ్యాచ్ బుల్లెట్లతో ఆ తేడా కూడా కనిపించడం మానేసింది. కారణం తెలిసిందే. బుల్లెట్ బరువు నడిమధ్యలో కాకుండా వెంట్రుకవాసి పక్కకు ఉన్నా, వేగంగా తిరిగేకొద్దీ బ్యారెల్ దాటగానే బుల్లెట్ పక్కకు మళ్లడం ఎక్కువవుతుంది. బల్ల మీద రైఫిల్ ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్లో 6 పీపీసీ అనే తూటా వాడేవాళ్లు 65, 68 గ్రెయిన్ల బుల్లెట్లకు 1:14 దాకా వెళ్లడం అందుకే. అవసరమైనంత తిప్పుడే చాలు, అదనంగా అక్కర్లేదని వాళ్ల లెక్క. మంచి బుల్లెట్ కొంటే మనలాంటివాళ్లకు ఈ తేడా పెద్దగా తెలియదు.

అసలు జాగ్రత్త పడాల్సింది జాకెట్ (బుల్లెట్ లోపలి సీసం మీది లోహపు తొడుగు) దగ్గర. బుల్లెట్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలియాలంటే, సెకనుకు అడుగుల్లో వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్ అంగుళాలతో భాగించాలి. 40 గ్రెయిన్ల బుల్లెట్ 3600 అడుగుల వేగంతో వెళ్తే 1:12లో 2,16,000 చుట్లు. 1:8లో 3,24,000. చుట్లు ఒకటిన్నర రెట్లే పెరిగినా, జాకెట్‌ను బయటికి లాగే బలం రెండుంపావు రెట్లు అవుతుంది. వీ-మ్యాక్స్, బ్లిట్జ్‌కింగ్ లాంటివి నా దగ్గర దీన్ని తట్టుకున్నాయి. తక్కువ వేగపు తూటాల కోసం చేసిన, చాలా పల్చటి జాకెట్ ఉన్న ఒక రకం మాత్రం తట్టుకోలేదు. పేలిన చప్పుడు వచ్చింది, బ్యారెల్ కొస నుంచి కొంత దూరంలో గాల్లో బూడిదరంగు గీత ఒకటి కనిపించి చెదిరిపోయింది, టార్గెట్ మీద ఏమీ లేదు. మొదట స్కోప్ వదులైందేమోనని టెన్షన్ పడి స్క్రూలన్నీ చూశాం. తర్వాతి గుండుకు కూడా అదే గీత. అదే డబ్బాలో మిగిలినవి 1:12లో కాలిస్తే ఒక్కటీ చెదరలేదు, అన్నీ ఒకే చోట పడ్డాయి. వేడెక్కిన, లోపల గరుకెక్కిన బ్యారెల్‌లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. డబ్బా మీద గరిష్ఠ వేగం రాసి ఉంటే ఆ మాట తేలిగ్గా తీసుకోకండి.

షాపుల్లో ఇప్పుడు 1:7, 1:8, 1:9 బ్యారెళ్లే ఎక్కువ దొరకడానికి వెనక సైన్యం కథ ఉంది. ఎం16 సైనిక రైఫిల్‌కు మూలమైన ఏఆర్-15 బ్యారెల్ మొదట్లో 1:14. చలిలో గాలి చిక్కబడితే 55 గ్రెయిన్ల బుల్లెట్‌కు ఆ తిప్పుడు చాలడం లేదని 1:12కి మార్చారు. ఆ తర్వాత ఎం16ఏ2లో 1:7 పెట్టింది పొడుగాటి ట్రేసర్ (వెలుగుతూ పోయి దారి చూపే) బుల్లెట్ కోసం. పౌరుల మార్కెట్లో ఇంతకంటే గట్టి ఉదాహరణ 1955లో వచ్చిన .244 రెమింగ్టన్ అనే తూటాది. తేలిక బుల్లెట్లే వాడతారనుకుని కంపెనీ 1:12 పెట్టింది. అదే ఏడు వచ్చిన .243 విన్‌చెస్టర్‌కు 1:10 ఉండటంతో 100 గ్రెయిన్ల బుల్లెట్లు కూడా నడిచాయి, జనం అటే పోయారు. 1963లో రెమింగ్టన్ 1:9 ట్విస్ట్‌తో, 6ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి మళ్లీ తెచ్చినా, పోయిన మార్కెట్ తిరిగి రాలేదు.

అందుకే ఒక్క రైఫిలే కొనేవాళ్లకు నేను 1:8 గానీ 1:9 గానీ తీసుకోమంటాను. రేపు 69 గ్రెయిన్లో 77 గ్రెయిన్లో కాల్చాలనిపిస్తే దారి మూసుకుపోదు. జన్మలో 55 దాటను అనేవాళ్లకు మంచి ధరలో 1:12 దొరికితే కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. నా పాత 700ను అమ్మే ఆలోచన నాకు లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే అమ్మేవాళ్ల మాట మీద పోకండి, కొలిచి చూసుకోండి. రైఫిల్ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసి, హ్యాండిల్ స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగువుగా ప్యాచ్ చుట్టి లోపలికి తోయండి. రాడ్ మీద టేపుతో ఒక గుర్తు పెట్టి మెల్లగా లాగితే గాడుల వెంట రాడ్ తిరుగుతుంది. గుర్తు ఒక చుట్టు పూర్తి చేసేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు బయటికి వచ్చిందో అదే మీ ట్విస్ట్. బ్యారెల్ పొడవులో పూర్తి చుట్టు రాకపోతే సగం చుట్టు కొలిచి రెట్టింపు చేసుకోండి.

సీసం లేని బుల్లెట్లు వాడేవాళ్లకు ఒక మాట. రాగి సీసం కంటే తేలిక లోహం కాబట్టి, పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ అదే బరువులో పొడుగ్గా ఉంటుంది. 55 గ్రెయిన్లే కదా అని 1:12లో వేయకండి. ముందు కాలిపర్‌తో పొడవు కొలిచి మిల్లర్ లెక్క వేసుకోండి. నా రాగి బుల్లెట్లన్నీ టిక్కాలోకే వెళ్తాయి.