పదమూడేళ్ల టేకు వాకిలి: పైనంతా బంగారం, కింద రెండంగుళాలతోనే పేచీ

వాకిలికి టేకు తలుపు మంచిదా, స్టీలుదా అన్న పంచాయితీ కొత్తగా పెట్టడం లేదు. 2012 వేసవిలో నెల్లూరులో బిగించిన ఒంటిరెక్క టేకు వాకిలి ఇది. తూర్పు ముఖం, వేప ద్వారబంధం. రెక్క వెడల్పు 965 మిల్లీమీటర్లు, మందం 38. పదమూడేళ్లలో మాను మీద ఒక్కనాడూ కోపం రాలేదు. వచ్చిన కోపమంతా రెక్క అడుగు అంచు మీద. ఇంకా సూటిగా అంటే, ఆ అంచుకు పాలిష్ తగలకుండానే తలుపు ఎక్కించేసే మన పద్ధతి మీద.

పద్ధతి ఎట్టా నడుస్తుందో అందరం చూసిందే. ఆచారి రెక్క చేసి, బందులు వేసి, వేలాడదీసి, తలుపు సాఫీగా పడుతోందని చూపించి వెళ్లిపోతాడు. పాలిష్ మనిషి ఆ తర్వాత వస్తాడు. వేలాడే తలుపుకు ముందు, వెనక, రెండు పక్కలు అందుతాయి. కింద ఉన్న అయిదు మిల్లీమీటర్ల సందులో బ్రష్ పట్టదు. పై అంచు నిచ్చెనెక్కితే గానీ కనపడదు, కనపడనిదానికి ఎవరూ డబ్బులడగరు. ఒక అద్దం ముక్క తలుపు కింద పెట్టి మీ ఇంట్లోనే చూడండి. పచ్చి చెక్క కనిపిస్తే అక్కడే మొదలవుతుంది కథ.

రెక్కకు రెండు పక్కలా నిలబడే నిలువు పట్టీల కొసలు సరిగ్గా ఆ అంచులోనే తేలతాయి. చెక్క అంటే నిలువునా పేర్చిన సన్నని గొట్టాల కట్ట. పక్కల నుంచి నీళ్లు పీల్చడానికి తటపటాయిస్తుంది గానీ కొస నుంచి మాత్రం ఎన్నో రెట్లు వేగంగా తాగుతుంది. దానికి తోడు మన ప్రాంతపు వానలు. నెల్లూరు, ఒంగోలు తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలతో, ఈశాన్యపు గాలితో వస్తాయి. వాస్తు చూసి తూర్పుకు పెట్టిన వాకిలికి ఆ జల్లు ఎదురుగా కొడుతుంది. రెండడుగుల సజ్జ నిలువు వానకు సరిపోతుంది, వాయుగుండం జల్లుకు చాలదు. నాలుగడుగులన్నా ఉండాలి.

2015 నవంబరులో వరసగా వానలు పట్టినప్పుడు రెక్క బిగిసింది. భుజం పెట్టి తోస్తే గానీ తెరుచుకోదు, మూస్తే తాళం నాలుక గాట్లో పడదు. అందరూ చెప్పిన మాట ఒకటే: తలుపు వాలింది, బందులు బిగించండి. బందుల స్క్రూలు ఒక్కటీ కదల్లేదు. వాలిన తలుపుకు గుర్తు వేరు. తాళం వైపు పై మూలలో సందు పెరుగుతుంది, కింది మూల నేలకు రాస్తుంది. ఇక్కడ పై సందు ఎప్పటిలాగే మూడు మిల్లీమీటర్లుంది. తాళం వైపు అంచుకు సుద్దముక్క రాసి తలుపు మూసి తెరిస్తే, ద్వారబంధం మీద తెల్ల మచ్చ కింది అడుగున్నర మేరే పడింది. టేపు పెడితే అడుగున 970, నడుములో 967. అంటే రెక్క వాలలేదు, అడుగున ఉబ్బింది. ఇంకో సాక్ష్యం వంగి చూస్తే కనపడింది. కింది అడ్డపట్టీ, నిలువు పట్టీల కొసల కన్నా మిల్లీమీటరున్నర కిందికి దిగి ఉంది. చెక్క పొడవునా పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది. నిలువు పట్టీ పక్కకు లావైతే, అడ్డపట్టీ కిందికి లావైంది.

లెక్క కూడా చూడండి. మాను వలయాల వెంబడి కోసిన అడ్డకోత టేకు, తేమ ఒక్క శాతం మారితే వెడల్పులో వెయ్యికి రెండు పాళ్ల లోపు మారుతుంది. అయిదేసి అంగుళాల నిలువు పట్టీలు రెండు, అంటే 254 మిల్లీమీటర్లు. ఏప్రిల్‌కీ నవంబరుకీ అయిదు శాతం తేడా వేసుకున్నా రెండున్నర మిల్లీమీటర్లకు మించదు. నడుములో వచ్చింది ఆ లెక్కే. అడుగున దానికి రెట్టింపు రావడానికి కారణం పాలిష్ లేని కొస తప్ప ఇంకోటి లేదు.

అసలు నష్టం చేసింది వాన కాదు, ఆ వానలో పట్టించిన చిత్రిక. తలుపు పడట్లేదని నవంబరులోనే తాళం వైపు అంచు పైనుంచి కింద దాకా నాలుగు మిల్లీమీటర్లు గీకేయడం జరిగింది. రాసుకున్నది అడుగున్నర, గీకింది ఏడడుగులు. ఆ రోజుకు తలుపు వెన్నలా పడింది. ఏప్రిల్ వచ్చేసరికి రెక్క తన పాత కొలతకు పోయింది. మూడుండాల్సిన సందు ఏడయింది. తాళం నాలుక గాటు అంచును పట్టీ పట్టనట్టు నిలిచేది, గట్టిగా తోస్తే జారేది. మధ్యాహ్నం వడగాలి, దుమ్ము, బల్లులు, అన్నిటికీ దారి. పైగా గీకిన అంచుకు మళ్లీ పాలిష్ లేదు గనక తర్వాతి నవంబరుకు పీల్చడానికి ఇంకో ముఖం తయారు. వానాకాలంలో తలుపు బిగిస్తే చేయాల్సిన పని ఒక్కటే: సుద్ద మచ్చ పడిన చోట ఇసుక కాగితంతో రుద్ది, ఏప్రిల్ దాకా ఓర్చుకోవడం.

బాగు చేసిన తీరు ఇదీ. ఏప్రిల్ ఆఖర్లో రెక్క దింపాలి. బరువు నలభై అయిదు కిలోల పైమాటే, ఇద్దరు మనుషులు కావాలి. బల్లల మీద పరిచి నీడలో పదిరోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే పై ముఖం ముందు ఆరి రెక్క మెలి తిరుగుతుంది. గీకిన అంచును సాఫు చేసి, ఆరు మిల్లీమీటర్ల టేకు పట్టీని నిదానంగా గట్టిపడే ఎపాక్సీ జిగురుతో అతికించి, అడుగుకో క్లాంపు బిగించి ఒక రోజు వదిలేయాలి. తర్వాత మూడు మిల్లీమీటర్ల సందు వచ్చేలా చిత్రిక పట్టి, తాళం పలకకు మళ్లీ గాడి తీయాలి. చిత్రిక పనులన్నీ అయ్యాకే సీలరు, అంటే చెక్క రంధ్రాలు మూసే పూత. అడుగు అంచును 120 నంబరు కాగితంతో రుద్ది, పలుచన చేసిన పీయూ (పాలీయురేథేన్) సీలరును కొసల మీద పూస్తూ పోవాలి. మొదటి పూత చూస్తుండగానే మాయమవుతుంది. రెండోది కాసేపు మెరిసి ఇంకుతుంది. నాలుగో పూతకు మెరుపు నిలిచింది, అంటే గొట్టాల నోళ్లు మూసుకున్నట్టు. ఆరాక చిక్కటి పీయూ రెండు పూతలు. పై అంచుకూ, తాళం కోసం తొలిచిన బెజ్జం లోపలికీ, బందుల గాళ్లకూ ఇదే వైద్యం. మొత్తానికి పట్టిన సరుకు పావు లీటరు. కొత్త తలుపుకైతే ఎక్కించే ముందు అరగంట పని.

అడుగున బయటివైపు వాన జారడానికి అల్యూమినియం పట్టీ కొట్టిస్తుంటారు. మంచిదే. కానీ స్క్రూ రంధ్రాల్లో సిలికాన్ నింపకుండా బిగిస్తే ఆ రంధ్రాలే కొత్త కాలవలు.

ఆ తర్వాత 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. ఆ వానల్లో అడుగున కొలత 967. తాళం చేతివేళ్లతో తిరిగింది.

ఈ అనుభవంతో చూస్తే, మెటీరియల్ ఎంపికలో షాపువాళ్లు చెప్పే మాటల కన్నా తలుపు కట్టిన తీరే ఎక్కువ తేడా చేస్తుందనిపిస్తుంది. పట్టీలు, ప్యానెళ్లుగా కట్టిన రెక్క రెండున్నర మిల్లీమీటర్లు కదిలితే, పలకలన్నీ పక్కపక్కన అతికించి ఒకే దిమ్మెగా చేసిన చెక్కడం తలుపు అదే తేమకు తొమ్మిది మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. లక్ష్మీదేవి బొమ్మ ఎంత బాగున్నా ఆ లెక్క మారదు. ప్యానెళ్లు గాడిలో వదులుగా కూర్చోవాలి, జిగురు పెట్టకూడదు. పెడితే మే నెలలో టప్పుమని నిలువునా చీలతాయి. ప్యానెల్ అంచులకు బిగించకముందే పాలిష్ పడాలి. లేదంటే ప్రతి వేసవికీ చుట్టూ తెల్ల గీత బయటపడుతుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు గాలి పొడి గనక ఉబ్బు బాధ తక్కువ, ఈ చీలే బాధ ఎక్కువ.

'బర్మా టేకు' అన్న పేరుకు ఎక్కువ ఇవ్వకండి. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. అంగళ్లలో ఆఫ్రికా టేకు, దక్షిణ అమెరికా తోటల టేకు, బల్లార్షా టేకు అన్నీ ఉంటాయి. ఊరి పేరు కాదు, చేవ (మాను నడిమి ముదురు చెక్క) చూడాలి. రంగు పులిమిన తలుపు కొనొద్దు. ఒక మూల చిత్రిక పట్టించండి. చేవ తేనెరంగులో, వేలికి కాస్త జిడ్డుగా తగులుతుంది, తోలు వాసన వేస్తుంది. పాలిపోయిన తెల్లచెక్క కనిపిస్తే అది టేకే అయినా పుచ్చుకూ చెదకూ పనికొచ్చే టేకు.

స్టీలు తలుపు ఉబ్బదు, నిజం. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల సముద్రపు గాలికి మాత్రం అది తాళం కోసిన చోటా, అడుగు మడతలోనూ ముందు తుప్పు పడుతుంది. కోసిన అంచుకు జింకు పూత ఉండదు, గచ్చు తుడిచిన నీళ్లు ఆ మడతలో నిలుస్తాయి. అంటే అక్కడా కింద రెండంగుళాలే! పొరలు అతికించి చేసిన ఫ్లష్ డోరుకు తేమ లోపలికి పోతే ఉబ్బిన పొర మళ్లీ దిగదు. టేకు ఏప్రిల్‌లో వెనక్కి పోతుంది, అది పోదు. డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక) నీళ్లకు చలించదు, చెద ముట్టదు. బాత్రూముకు దానికి మించింది లేదు. వాకిలికి పెడితే నలభై అయిదు కిలోల రెక్కను మోసే స్క్రూ పట్టు దానికి తక్కువ, ముదురు రంగు వేసి పడమటి ఎండకు వదిలితే వంగుతుంది.

ఇక వేప ద్వారబంధం. మొదటి తొమ్మిదేళ్లు అడిగినవాళ్లందరికీ 'వేపకు చెద పట్టదు, కళ్లు మూసుకుని వెయ్యండి' అన్నదే సలహా. ఆ మాట కొంచెం సర్దుకోవాలి. శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తాం. బంధం నిలువు కమ్మి కుసి (కొసన చెక్కిన నాలుక) గడపలో దిగే చోట వేసవికి జుట్టు మందం సందు తెరుచుకుంటుంది. తొమ్మిదో ఏట ఆ సందులో సన్నని పసుపు గీత లోపలికంటా పోయి కనిపించింది. గుండుసూది గుచ్చితే తల దాకా దిగింది, బయటికి తీస్తే మొనకు మట్టిరంగు పొడి. చెద తిన్నది తెల్లచెక్క ఉన్న మూలనే, చేవ వైపు ఇప్పటికీ ఉలి జారుతుంది. కాబట్టి సామెత చేవకే వర్తిస్తుంది. ఆరు అంగుళాల కమ్మిలో నాలుగు మూలలూ చేవే ఉందో లేదో కోత మిల్లులోనే చూసుకోవాలి. బేల్దారి సిమెంటులో పాతేముందు గడప అడుగుకూ కుసులకూ తారు పూత పడాలి.

కుళ్లిన మేర తొలిచి, గచ్చు అంచున రంధ్రాలు వేసి ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం చెదమందు లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున పోయించి, ఖాళీని ఎపాక్సీతో నింపితే నిలిచింది. గడప మీద ఇప్పుడు నీళ్లు పోయడం లేదు, తడిగుడ్డతో తుడిచి పసుపు రాస్తున్నారు. శ్రమ తగ్గుతుందని గడపకు పసుపు ఎనామిల్ పెయింట్ వేయించేవాళ్లున్నారు. అడుగు నుంచి ఎక్కే తేమకు ఆ పెయింట్ మూత పెడుతుంది, కుళ్లు కనపడకుండా సాగుతుంది.

మళ్లీ వేయాల్సి వస్తే టేకే వేస్తాను, కానీ ఈ ఇంటికి. ఇక్కడ ఏడాది పొడవునా మనుషులున్నారు, రెండు మూడేళ్లకోసారి పాలిష్ చూసుకునే తీరిక ఉంది. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉండి ఏడాదికి పది నెలలు తాళం పడే ఇంటికి ఇదే చెప్పలేను. సముద్రానికి దూరమైతే జింకు పూత మంచి స్టీలు తలుపు ఆలోచించవచ్చు. డబ్బు బిగువైతే రెక్కకు టేకు, బంధానికి చేవ వేప, చెక్కడం ఖర్చు మానేసి ఆ డబ్బు సజ్జకు. బందులు అయిదంగుళాలవి నాలుగు, 304 స్టెయిన్‌లెస్, స్క్రూలూ అదే రకం. ఇత్తడి బందుకు ఇనుప స్క్రూ ఇస్తే ముందే ఒప్పుకోవద్దు.

ఒక పని మాత్రం మిగిలే ఉంది. వాకిట్లో గ్రానైటు వాలు ఇంకా గడప వైపే ఉంది. ఈ అక్టోబరు లోపు ఆ రాయి ఒక్కటి లేపి తిప్పి వేయించాలి.