అలీషాన్ వెళ్లి టీ కొనేవాళ్లు ముందు ఇది చదవండి

తైవాన్‌లో తైపే, షిన్‌చూ, తైనాన్‌లలో ఉన్న మనవాళ్లందరికీ. సెలవులొస్తే అలీషాన్ కొండలకి వెళ్లడం, ఇండియా వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లకి ఎత్తుకొండల ఊలాంగ్ (ఆకుని చిన్న ఉండలుగా చుట్టి అమ్మే ఇక్కడి టీ) పట్టుకెళ్లడం మనలో చాలామందికి మామూలే కాబట్టి రాస్తున్నా. చియాయి ఊరి నుంచి కొండ పైకి వెళ్లే 18వ నంబర్ రోడ్డు మీద, మన ప్రమేయం లేకుండా టూర్ వ్యాన్ తనంతట తనే ఆగే ఒక టీ షాపులో మాకు రుచి చూపించింది ఒక టీ, ప్యాకెట్‌లో పెట్టి అంటగట్టింది ఇంకో టీ. షాపు పేరు పెట్టట్లేదు, పెట్టినా ఉపయోగం లేదు, ఇదే పద్ధతి ఇంకో షాపులోనూ ఉండొచ్చు. పద్ధతి తెలుసుకోండి, అది చాలు.

లోపలికి వెళ్లగానే కూర్చోబెట్టి చాలా మర్యాద చేస్తారు. చిన్న కుండ సగానికి పైగా ఆకు వేసి, మరిగే నీళ్లు పోసి, పది సెకన్లు కూడా ఉంచకుండా వంచేస్తారు. సన్నగా పొడుగ్గా ఉండే కప్పులో పోసి, దాన్ని ఖాళీ చేసి వాసన చూడమంటారు. పూల వాసన, గొంతు దిగాక తీపి, నిజంగా బాగుంది, అందులో అబద్ధం లేదు. కొంటామనగానే మాత్రం టేబుల్ మీదున్న డబ్బాలోంచి తూచి ఇవ్వరు, కౌంటర్ కిందనుంచి సీల్ వేసిన వెండిరంగు ప్యాకెట్లు తీస్తారు. వాక్యూమ్ ప్యాక్ కదా, రాయిలా గట్టిగా ఉంటుంది, లోపల ఏముందో కనపడదు. 150 గ్రాములు 1,200 తైవాన్ డాలర్లు, క్యాష్ ఇస్తే కొంచెం తగ్గిస్తారట. ఆ క్యాష్ మాట వినగానే అనుమానించండి, ఎందుకో కింద చెప్తా.

ఇంటికొచ్చి ప్యాకెట్ కత్తిరించగానే బేకరీ గుమ్మంలో నిలబడ్డట్టు వెనీలా, మిల్క్‌మెయిడ్ కలిసిన వాసన గుప్పుమంది. ఇక్కడ అదే ఆకు మీద మళ్లీ మళ్లీ వేడినీళ్లు పోసి తాగుతారు కదా, మొదటి నీళ్లకి ఆ వాసన అంతా పైకొచ్చేసింది, రెండో నీళ్లకి సగం పోయింది, మూడో నీళ్లకి నాలుక మీద వగరు తప్ప ఏమీ మిగల్లేదు. నానిన ఆకు తీసి తెల్ల ప్లేటులో పరిచి చూస్తే చిరిగిన ముక్కలు, విడిపోయిన కాడలు, ఒక్కటంటే ఒక్కటి నిండు ఆకు దొరకలేదు. కొండ ఊలాంగ్ చేత్తో కోసిందైతే ఉండ విప్పుకున్నాక కాడకి రెండుమూడు ఆకులు, ఒక మొగ్గ అంటుకునే ఉంటాయి, ఆకు మందంగా, వేళ్ల మధ్య నలిపినా తెగకుండా ఉంటుంది. మెషీన్‌తో కోసిన ఆకు తెగిపోయి ఉంటుంది, అది నేరమేం కాదు, కానీ చేత్తో కోసిందని చెప్పి ఆ ధర తీసుకోకూడదు.

పాల వాసన గురించి చాలామందికి తికమక. జిన్‌షువాన్ అనే రకం ఉంది, 1981లో విడుదలైన తైవాన్ 12వ నంబర్ టీ మొక్క, దానికి సహజంగానే పాల వాసన ఉంటుంది. కానీ చాలా తేలిగ్గా ఉంటుంది, మింగాక వెనకనుంచి వస్తుంది, రెండు మూడు నీళ్లకి కూడా నిలుస్తుంది. ప్యాకెట్ తెరవగానే గది నిండా కొట్టిందంటే అది ఫ్లేవర్ చల్లిన ఆకు. మాకు రుచి చూపించింది పూల వాసన వచ్చే టీ, బహుశా చింగ్‌షిన్ అనే ఇంకో మొక్క రకం, దానికీ దీనికీ పోలికే లేదు.

ఇంకో తమాషా, ప్యాకెట్ మీద పెద్ద అంకెల్లో 2,300 మీటర్లు అని ఉంది. తైవాన్‌లో వెయ్యి మీటర్లు దాటితే ఎత్తుకొండల టీ అంటారు. చలి, పొగమంచు వల్ల ఆకు నెమ్మదిగా పెరిగి చేదు తగ్గుతుంది, అందుకే ఆ ధర. కానీ మనం రైలెక్కి చెట్లు చూసే అలీషాన్ పార్కే దాదాపు 2,200 మీటర్లు, అక్కడ ఉన్నది అడవి. టీ తోటలు ఇంకా కింద షిజువో అనే ఊరి చుట్టుపక్కల ఉంటాయి. రెండువేల మీటర్లు దాటిన టీ కావాలంటే లీషాన్ అనే వేరే కొండప్రాంతం వైపు చూడాలి. ఇంకా ఎత్తులో ఉండే దాయూలింగ్ టీ అని చెప్పి చవగ్గా అమ్మితే అసలు నమ్మకండి, అక్కడ ప్రభుత్వ భూముల్లోని తోటలు చాలా వరకు తీసేశారు, ఉన్న కొంచెం ఆకు టూరిస్టు షాపు దాకా రాదు.

మా ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్ని ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూస్తే ఉత్పత్తి దేశం వియత్నాం అని ఉంది. ముందు మాత్రం అలీషాన్ కొండల బొమ్మ! వియత్నాంలో లామ్ డాంగ్ వైపు తైవాన్ రకాలే వేసి, తైవాన్ పద్ధతిలోనే ఊలాంగ్ చేస్తారు, తాగడానికి బాగానే ఉండేవీ ఉంటాయి. ఆ పేరుతో ఆ ధరకి అమ్మితే మనకి గొడవే లేదు.

కొనేముందు నిస్సంకోచంగా అడగండి: ప్యాకెట్ విప్పి అందులోని ఆకే వెయ్యమనండి. మూడు గ్రాములు, 150 మి.లీ. మరిగిన నీళ్లు, ఆరు నిమిషాలు. ఇక్కడి పోటీల్లో జడ్జీలు చూసే పద్ధతి దాదాపు ఇదే. పది సెకన్లలో వంచేస్తే ఏ టీ అయినా తీపిగానే ఉంటుంది, ఆరు నిమిషాలు ఉంచితే దాని గుట్టు బయటపడుతుంది. కప్పు చల్లారాక మళ్లీ ఒక గుక్క తాగండి, మంచి టీ అప్పుడూ తియ్యగానే ఉంటుంది, నాసిరకం వగరెక్కుతుంది. ధర దేనికి చెప్తున్నారో కూడా అడగండి, ఇక్కడ ఒక జిన్ అంటే 600 గ్రాములు, కొందరు చిన్న ప్యాకెట్ ధర చెప్పి జిన్ ధర అనుకునేలా మాట్లాడతారు. ఏ సీజన్‌లో కోశారో చూడండి, వసంతం, చలికాలం కోతలు మేలు, ఎండాకాలం ఆకు చేదు ఎక్కువ.

మంచిది దొరికాక ఇంట్లో పెట్టుకునేటప్పుడు ఆరు గ్రాములు, 120 మి.లీ. పట్టే మూత కప్పు, బాగా వేడి నీళ్లు, మొదటిసారి యాభై సెకన్లు, రెండోసారి ఉండలు విప్పుకుని ఉంటాయి కాబట్టి కొంచెం తక్కువ. అమ్మావాళ్లకి పంపేవాళ్లు దయచేసి ఎలా పెట్టుకోవాలో ఒక చీటీ కూడా పెట్టండి, మా ఇంట్లో అల్లం, పాలు వేసి మరిగించేశారు.

ఇక క్యాష్ విషయం. క్యాష్ ఇస్తే బిల్లు ఇవ్వరు, బిల్లు లేకపోతే ఆ టీ అక్కడే కొన్నామని చెప్పుకోవడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఆన్‌లైన్‌లో కొంటే ఏడు రోజుల్లో వాపసుకి చట్టం ఉంది, షాపులో నిలబడి కొన్నదానికి అది వర్తించదు. మేము ఫోన్ చేస్తే విప్పిన ప్యాకెట్ తీసుకోం అన్నారు, తర్వాత ఫోనే ఎత్తట్లేదు. మా రెండో ప్యాకెట్ ఇంకా విప్పలేదు, దాన్నీ వెనక లేబుల్ ఫోటోనీ పెట్టుకుని 1950కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, మాండరిన్ బాగా వచ్చిన ల్యాబ్‌మేట్‌తో ఫోన్ చేయిస్తున్నా. ఆ రోడ్డులో ఇలాగే కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ప్యాకెట్లు విప్పకుండా ఉంచి, ముందూ వెనకా ఫోటోలు తీసి నాకు మెసేజ్ పెట్టండి, కలిపి ఇస్తే మాట వింటారేమో చూద్దాం.