రెజ్లింగ్ స్కూలా, ఇండీ సర్క్యూటా: ఏది మేలు?

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ రెజ్లింగ్ షో సూపర్‌స్టార్ స్పెక్టాకిల్ జరిగినప్పటి నుంచి జిమ్ కుర్రాళ్ళు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, రెజ్లర్ అవ్వాలంటే జలంధర్‌లో ఖలీ అకాడమీకి పోవాల్నా? లేకపోతే ఎట్లనో బయటి దేశం పోయి ఇండీల్లో చేసుకుంటూ ఎదగాల్నా?" ఇండీలంటే పెద్ద కంపెనీలకి బయట, ఊరూరా చిన్న హాళ్ళలో జరిగే షోలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది. ఫలితం ముందే రాసుకుంటారు కదా, మరి దీనికి ట్రైనింగ్ ఎందుకు అనేవాళ్ళకి ఇక్కడ జవాబు లేదు. వాళ్ళు హాయిగా క్రికెట్ చూసుకోవచ్చు.

ఆ రాత్రి కార్డులోనే, అంటే మ్యాచ్‌ల జాబితాలోనే, సగం జవాబు ఉంది. ఒక వైపు ఇండస్ షేర్ జట్టు, అంటే సంగా, వీర్. ఒకాయన టీవీలో భీముడి వేషం వేసిన నటుడు, ఇంకొకాయన బేస్‌బాల్ పిచ్చర్. ఇద్దరూ ఓర్లాండోలోని డబ్ల్యూడబ్ల్యూఈ పర్ఫార్మెన్స్ సెంటర్‌లో తయారైనవాళ్ళే. ఎదురుగా కెవిన్ ఓవెన్స్, సామీ జేన్. మాంట్రియల్ చుట్టుపక్కల చిన్న హాళ్ళలో మొదలుపెట్టి, రింగ్ ఆఫ్ ఆనర్ లాంటి కంపెనీల్లో పదేళ్ళకు పైగా తిరిగి పైకి వచ్చినవాళ్ళు. మరో బౌట్‌లో యూరప్ సర్క్యూట్‌లో రాటుదేలిన గుంథర్, అతనికి ఎదురుగా ఖలీ శిష్యుడు షాంకీ. ఎత్తు, భుజాలు చూస్తే మనవాళ్ళదే పైచేయి. ఓవెన్స్ పొట్ట చూస్తే మన కాలనీ బాబాయి గుర్తొస్తాడు. అయినా ఆ పొట్ట మీద నుంచి చూపు తిప్పుకోలేం. ఎందుకో చెప్పే ముందు స్కూల్‌కి దక్కాల్సిన మర్యాద దానికి ఇచ్చేస్తాను.

రింగ్ అంటే పరుపు అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇనుప దూలాల మీద చెక్క పలకలు, వాటి మీద పల్చటి ఫోమ్, పైన కాన్వాస్, అంతే. దాని మీద వెల్లకిలా పడటం మొదటి పాఠం. గడ్డం ఛాతీకి ఆనించాలి, లేకపోతే తల వెనక భాగం ముందు తగులుతుంది. ఊపిరి వదిలెయ్యాలి. వీపు పైభాగం మొత్తం ఒకేసారి తగలాలి, అదే క్షణంలో చాచిన చేతులతో కాన్వాస్‌ని చరచాలి. మోచేయి వెనక్కి పెట్టి ఆపుకోబోతే విరిగేది అదే. పడబోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణం. పడీ పడీ ఆ గుణాన్ని చంపుకోవాలి. తాళ్ళ సంగతీ అంతే. చాలాచోట్ల అవి రబ్బరు గొట్టం తొడిగిన ఉక్కు కేబుళ్ళు. పరుగెత్తి వాటికి ఆనుకోవడం నేర్చుకునే కొత్తలో చంక కింద, వీపు పక్కన కమిలిపోతుంది. ఇదంతా పక్కన గురువు నిలబడి నేర్పాల్సిన పని. యూట్యూబ్ చూసి మేడ మీద పరుపేసుకుని నేర్చుకుంటాం అనేవాళ్ళతో నాకు మాటల్లేవు.

ఈ విషయంలో పర్ఫార్మెన్స్ సెంటర్‌ని కొట్టే చోటు లేదు. 2013లో తెరిచారు. ఏడు రింగులు, వైద్యులు, మైకు పట్టుకుని మాట్లాడటం నేర్పే గదులు, పైగా నేర్చుకున్నంత కాలం జీతం. పరుగుపందేల నుంచి వచ్చిన బియాంకా బెలెయిర్‌ని అంత పెద్ద స్టార్‌ని చేసింది ఆ చోటే. 2021 తర్వాత కొత్తవాళ్ళని దింపే తమ షో ఎన్ఎక్స్‌టీని మార్చి, ఇండీ పేర్ల బదులు కాలేజీ క్రీడాకారుల మీద పందెం వేశారు. ఖాళీ పలక మీద రాయడం తేలికని వాళ్ళ లెక్క కావచ్చు.

ఆ లెక్కలో జనం లేరు. నాకు అసలు విషయమే జనం. పడటం స్కూల్లో వస్తుంది. పడ్డాక ఎంతసేపు లేవకుండా ఉండాలో మాత్రం ఎదురుగా కూర్చున్నవాళ్ళే నేర్పుతారు. మన సురభి వాళ్ళనే చూడండి. 1885 నుంచి ఆ కుటుంబాల్లో పిల్లలు చిన్నప్పుడే స్టేజీ ఎక్కి, పద్యం ఎక్కడ ఆపితే చప్పట్లు పడతాయో ఊరూరా తిరిగి తెలుసుకున్నారు. అది సిలబస్‌లో పెట్టి చెప్పే పాఠం కాదు.

ఎన్ఎక్స్‌టీ షోలు చాలా ఏళ్ళు ఫుల్ సెయిల్ యూనివర్సిటీలో జరిగేవి, తర్వాత ట్రైనింగ్ సెంటర్‌లోనే. వచ్చేది దాదాపు ఎప్పుడూ చూసే ముఖాలే, ముందే ప్రేమించడానికి సిద్ధపడి వచ్చేవాళ్ళు. ఇండీ హాల్‌కి అరవై మంది వస్తారు. అందులో పది మంది పిల్లలు, ఇద్దరు తాగి ఉంటారు, ఒకడు ఫోన్ చూసుకుంటుంటాడు. నువ్వు అనుకుని వచ్చిన మ్యాచ్ మూడో నిమిషంలోనే చప్పబడింది. ఇప్పుడేం చేస్తావు? మరింత పైనుంచి దూకుతావా, వేగం తగ్గించి ఆ ఫోన్‌వాడి వైపు తిరిగి ఓ మాట అంటావా? రెండోది తట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఊరు మారితే ఒంటికి అలవాటైన పనీ తిరగబడుతుంది. అమెరికాలో హెడ్‌లాక్ పట్టినా చెయ్యి మెలిపెట్టినా ఎడమ వైపే. మెక్సికో వెళ్తే అన్నీ కుడి వైపు. అక్కడ కొన్నాళ్ళు చేసి వచ్చినవాడికి ఎదుటి మనిషి పొరపాటున ఏ దిక్కుకి తిరిగినా కంగారు ఉండదు.

దీనికి నా దగ్గరున్న గట్టి ఉదాహరణ డబ్ల్యూడబ్ల్యూఈలో షీల్డ్ అనే ముగ్గురి జట్టు. 2012 నవంబర్‌లో ముగ్గురూ ఒకే రాత్రి తెర మీదకొచ్చారు. రాలిన్స్, ఆంబ్రోస్ ఇండీల నుంచి. రోమన్ రెయిన్స్ ఫుట్‌బాల్ వదిలి నేరుగా కంపెనీ శిక్షణలోంచి. జట్టు విడిపోయాక మొదటి ఇద్దరూ తమ దారి తామే వెతుక్కున్నారు. రెయిన్స్‌ని కంపెనీ నెత్తికెత్తుకుంటే, 2015లో రాయల్ రంబుల్ అనే పెద్ద మ్యాచ్ గెలిచిన రాత్రి ఫిలడెల్ఫియా జనం హాలు దద్దరిల్లేలా ఛీకొట్టారు. చిన్న హాళ్ళలో తినాల్సిన ఎదురుదెబ్బలు అతను లక్షల మంది చూస్తుండగా తిన్నాడు. 2020లో విలన్‌గా తిరిగొచ్చాక గానీ అసలు మనిషి బయటపడలేదు. ఇవాళ ముగ్గురిలో పెద్ద పేరు అతనిదే, అందులో తకరారు లేదు. కానీ ఇంకెవరికైనా కంపెనీ అన్నేళ్ళు ఓపిక పడుతుందా? అతని వెనక అనోవాయి అనే రెజ్లర్ల వంశం ఉంది. మన వెనక ఈఎంఐ ఉంటుంది.

సర్క్యూట్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు దాచే సంగతి ఒకటుంది: ఒళ్ళు గుల్లవుతుంది. డేనియల్ బ్రయన్ 1999 నుంచి చిన్నాపెద్దా రింగుల్లో తలకు తగిలించుకున్న దెబ్బలన్నీ కలిసి 2016లో అతన్ని రిటైర్ చేయించాయి. రెండేళ్ళకు తిరిగి రాగలిగాడు, అందరికీ ఆ అదృష్టం లేదు. డబ్బు సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. కొత్తవాడికి ఇచ్చేది ఒక్కోసారి పెట్రోల్‌కి కూడా చాలదు.

ఇంకో మాట. ఇండీ స్టార్ అనగానే గాల్లోంచి ఊడిపడ్డాడని మనవాళ్ళు అనుకుంటారు. బ్రయన్ టెక్సస్‌లో షాన్ మైకేల్స్ స్కూల్లో చదివినవాడే. రాలిన్స్ 2014 నుంచి తనే ఓ స్కూల్ నడుపుతున్నాడు. తేడా అంతా స్కూల్ నుంచి జనంలోకి ఎంత త్వరగా వెళ్ళారన్న దగ్గరే ఉంది. దీన్ని పద్ధతిగా చేసింది జపాన్ వాళ్ళు. న్యూ జపాన్ కంపెనీ డోజోలో, అంటే శిక్షణశాలలో, కొత్తవాళ్ళకి నల్ల చెడ్డీ, నాలుగైదు సాదా పట్లు, లెక్కలేనన్ని బైఠక్‌లు. అవును, మన తాలింఖానా బైఠక్‌లే. ఆ తర్వాత కుర్రాణ్ణి ఒంటరిగా పరాయి దేశానికి పంపేస్తారు. ఒకాడా అనే కుర్రాణ్ణి 2010లో అమెరికా పంపారు. 2012 జనవరిలో తిరిగొచ్చి ఫిబ్రవరిలోనే అప్పటి ఛాంపియన్ తనహాషిని ఓడించి ఛాంపియన్ అయ్యాడు. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఈ పద్ధతే, అందులోనూ రెండో సగం.

పాతబస్తీ, బార్కస్ తాలీంలలో కుస్తీ నేర్చుకుని వెళ్తే? మెడ బలం, కాలి పట్టు వస్తాయి, మంచిదే. అంతకు మించి ఆశించొద్దు.

ఇక ఖలీ అకాడమీ. 2015లో జలంధర్‌లో పెట్టారు. మన దేశంలో అంతకన్నా పేరున్న చోటు లేదు. కవితా దేవి అక్కడి నుంచే వెళ్ళి 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ రింగ్‌లో దిగిన మొదటి భారతీయ మహిళ అయింది. కానీ ఆమెని జనానికి చూపించింది 2016 నాటి ఒక షో వీడియో. బీబీ బుల్ బుల్ అనే రెజ్లర్ విసిరిన సవాలుకి సల్వార్ కమీజ్‌లో జనం మధ్య నుంచి లేచొచ్చి ఆమెని ఎత్తి పడేసింది. అక్కడ మెరిసింది క్లాసులో పాఠమా, చుట్టూ లేచి నిలబడ్డ జనమా? ఖలీ కూడా 2000లో కాలిఫోర్నియాలోని ఓ ఇండీ స్కూల్లో మొదలెట్టి, జపాన్ రింగులు తిరిగాకే 2006లో అండర్‌టేకర్ ముందు నిలబడ్డాడు.

మన చిక్కు ఏంటంటే ఇక్కడ వారం వారం తిరగడానికి సర్క్యూట్ లేదు. అమెరికా రెజ్లింగ్ కంపెనీ టీఎన్ఏ వాళ్ళు పుణేలో తీసి 2012లో టీవీలో వేసిన రింగ్ కా కింగ్ ఒక్క సీజన్‌తో ఆగింది. కాబట్టి హైదరాబాద్ కుర్రాడికి స్కూల్ తప్పదు, తొందరగా బయటపడాల్సిన మెట్టుగా. ఫీజు కట్టే ముందు నెలకి ఎన్ని షోలు పెడతారో, ఏ ఊళ్ళలో పెడతారో, కొత్తవాళ్ళని ఎప్పుడు దింపుతారో అడగండి. షోలు లేవంటే అది జిమ్మే, జిమ్ మీ గల్లీలోనే ఉంది. మొదటి నెలలోనే పవర్‌బాంబ్, అంటే మనిషిని పైకెత్తి వీపు మీద పడేసే పట్టు, వేయిస్తామన్నా లేచి వచ్చెయ్యండి. మెడకి దెబ్బ తగిలితే స్కానింగ్ ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. పాస్‌పోర్ట్‌కి మాత్రం స్కూల్లో చేరే రోజే అప్లై చెయ్యండి, ట్రైనింగ్ అయ్యేదాకా ఆగొద్దు.