తీసి పక్కన పెట్టగలిగే సిలికాన్: కొన్నేళ్లు వాడాక

దీంట్లో నాకు బాగా నచ్చింది ఒక్కటే. రాత్రికి తీసి డబ్బాలో పెట్టేయొచ్చు. మిగతా సుగుణాలన్నీ దాని తర్వాతే. రొమ్ము తీసేసినవాళ్లు వేసుకునే మాస్టెక్టమీ బ్రా జేబులో పెట్టుకునే సిలికాన్ రొమ్ము గురించి చెప్తున్నాను. ఇప్పుడు నా దగ్గర రెండో పీసు నడుస్తోంది. సైజు ఎలా చూసుకోవాలి, ఎలా కడగాలి లాంటివి కొన్నచోట వాళ్లే చెప్తారు కాబట్టి అవి వదిలేస్తున్నా.

నా ఒంటి సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ మీకు పనికిరాదు. మాది నెల్లూరు. రొమ్ము కేన్సర్ రాకముందు నుంచే నాకు రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. దానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు, మధ్యలో జబ్బు రేగితే స్టెరాయిడ్. ఎడమ రొమ్ము తీసేసి, రేడియేషన్ కూడా అయ్యాక, ఆపరేషన్ చేసి ఒంటి లోపల పెట్టే సిలికాన్ రొమ్ము, అదే ఇంప్లాంట్, పెట్టించుకోవాలని గట్టిగానే అనుకున్నాను. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయి ప్లాస్టిక్ సర్జన్‌ని కలిశాను. ఆయన వద్దనలేదు, పెట్టేద్దామనీ అనలేదు. అమెరికాలో మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2021లో ఇంప్లాంట్ల మీద పెట్టించిన హెచ్చరిక, దాంతోపాటు పేషెంటు చదివి సంతకం పెట్టాల్సిన చెక్‌లిస్టు చేతికిచ్చి, "ఇంటికెళ్లి చదువుకుని రండమ్మా" అన్నారు.

చదివాను. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావని మొదట్లోనే ఉంది. పెట్టించుకున్నవాళ్లలో కొందరికి కీళ్లనొప్పులు, కండరాల నొప్పులు, వదలని నీరసం వచ్చాయని ఉంది. నా కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణశక్తే ఒంటి మీద దాడి చేసేవి) ఉన్నవాళ్ల విషయంలో తగినంత పరిశీలన జరగలేదనీ ఉంది. మళ్లీ వెళ్లినప్పుడు సర్జన్ రెండోవైపు కూడా చెప్పారు. సిలికాన్ వల్లే ఈ జబ్బులు పుడతాయనడానికి రుజువు దొరకలేదని 1999లోనే అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పాత పరిశోధనలన్నీ తిరగేసి చెప్పిందట. "మీకు ఏదో అవుతుందని నేను అనడం లేదు, ఏమీ కాదని మాత్రం మాట ఇవ్వలేను" అన్నారు. దానికితోడు రేడియేషన్ తగిలిన చోట ఇంప్లాంట్ చుట్టూ పొర గట్టిపడే ప్రమాదం ఎక్కువ, స్టెరాయిడ్ వాడితే గాయం మానడం ఆలస్యం. పొట్ట దగ్గరి కొవ్వు తీసి రొమ్ము కట్టే పద్ధతిలో సిలికాన్ గొడవే లేదు గానీ అది గంటలు పట్టే ఆపరేషన్, పైగా రెండుచోట్ల గాయం.

నన్ను ఆపింది ఇవేవీ కావు. కీళ్లనొప్పి, నీరసం నాకు కొత్తగా రావాలా ఏంటి? ఉండనే ఉన్నాయి. రేపు పొద్దున్నే వేళ్లు ముడుచుకోకపోతే అది నా పాత జబ్బా, లోపల పెట్టించుకున్న వస్తువా అని తేల్చేదెవరు? కీళ్ల డాక్టరు సర్జన్ని అడగమంటాడు, సర్జన్ కీళ్ల డాక్టరు దగ్గరికి పొమ్మంటాడు. ఆ టెన్షన్ నావల్ల కాదనిపించింది. అందుకే పైన పెట్టుకునేదానికి వచ్చాను.

కొనడం గురించి ఒక్క ముక్క. ముందు పొగతోటలో ఒక సర్జికల్ షాపుకి వెళ్లాను. కౌంటర్లో కుర్రాడు లోపలికి చూసి, అందరి ముందూ గొంతెత్తి సైజు అరిచాడు. వెనక్కి తిరిగి వచ్చేసి, చెన్నైలో ఆడవాళ్లే కొలతలు తీసే చోట కొన్నాను. అక్కడ బాగా చూశారు. పెట్టుకోగానే ఎడమ భుజం పైకి లేచినట్టు ఉండటం పోయింది. జాకెట్టు సరిగ్గా కూర్చుంది.

ఇక అసలు కథ. మా అన్నయ్య కొడుకు పెళ్లి కావలిలో జరిగింది. పట్టుచీరకి కుచ్చిళ్లు పెట్టడం నా వేళ్లవల్ల కాదు కాబట్టి ఆ పని మా అన్నయ్య కూతురిది. పైట మడతలు పెట్టి భుజం దగ్గర ఒక పిన్ను, జారకుండా ఇంకొంచెం కిందగా మరోటి పెట్టింది. తలంబ్రాలు, భోజనాలు, ఫొటోలు అన్నీ బాగానే అయ్యాయి. సాయంత్రం చీర మార్చుకుంటుంటే జాకెట్టుకి ఎడమవైపు ఏదో అంటుకుంటోంది. బ్రా జేబులోంచి పీసు తీసి చూస్తే పైకి ఏమీ కనపడదు. వేలితో నొక్కితే పిన్నుమొనంత బెజ్జంలోంచి తీగపాకంలా సాగుతూ జెల్ వచ్చింది.

పిల్ల మొహం పాలిపోయింది. "అత్తా, పిన్ను గుచ్చేశానా? నీకు నొప్పి పుట్టలేదా?"

"నొప్పి పుడితే అప్పుడే అరిచేదాన్ని కదే" అన్నాను. ఒక్క క్షణం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, తర్వాత మా వదిన వచ్చి తలుపు కొట్టేదాకా నవ్వుతూనే ఉన్నాం. బెజ్జం మీద ప్లాస్టర్ అతికించి, మర్నాటికి పాత పంచెగుడ్డ మడిచి జేబులో కూరుకుని గడిపేశాను.

కొన్నచోట అడిగితే అంచు విచ్చుకుంటే వారంటీ ఉందిగానీ పిన్ను గుచ్చుకుంటే లేదన్నారు. చీరకట్టుకునే ఆడవాళ్లకి అమ్ముతూ పిన్నుకి వారంటీ లేదంటే ఎట్లా? ఐదువేల పైచిలుకు పోయిందని కడుపు మండింది. కానీ పోయింది డబ్బే. జెల్ ఇంప్లాంట్ లోపల చిట్లితే చాలామందికి తెలియనే తెలియదు. అందుకే పెట్టించుకున్న ఐదారేళ్లకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎంఆర్‌ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ తీయించుకోమంటుంది ఎఫ్‌డీఏ. చిట్లిందని తేలితే మళ్లీ ఆపరేషన్ థియేటరే. నాకు జాకెట్టే చెప్పేసింది.

అయితే భుజం సరిపోయిందని పైన రాశాను కదా, అది ఒంట్లో బాగున్న రోజుల మాట. జబ్బు రేగిన వారంలో ఆ అరకిలో బరువు పట్టీ మీదుగా మెడని లాగేస్తుంది. పొద్దున వేళ్లు బిగుసుకుని ఉంటే వెనక హుక్కులు పడవు. ఎవరో ఒకరు సాయం పట్టాల్సిందే. ముందుహుక్కు బ్రాలకి మారాక కాస్త నయం. ఇక మన నెల్లూరు ఎండ సంగతి చెప్పేదేముంది. రోహిణి కార్తెలో సిలికాన్ వెనక చెమట నిలబడి చర్మం ఎర్రగా కందిపోతుంది, రేడియేషన్ తగిలిన చర్మం కాబట్టి ఇంకా త్వరగా. ఆ రోజుల్లో ఇంట్లో నూలుదారంతో అల్లిన తేలికపాటిది వాడతాను. వాలంటీర్లు అల్లి ఉచితంగా పంపిస్తారు. ఈకంత బరువు, ఉతికి ఆరేసుకోవచ్చు. పని చేసుకుంటుంటే మెల్లగా పైకి ఎక్కి వస్తుంది, అదొక్కటే చిరాకు. మొత్తానికి సిలికాన్ ఇప్పుడు గుడికీ పెళ్లిళ్లకీ బజారుకీ మాత్రమే.

కొనమంటావా అని అడిగితే, నాలాగా యాభై దాటి, జబ్బు ఇంకా చేతికి చిక్కనివాళ్లయితే కొనండి అంటాను. ముప్ఫైల్లో ఉన్నవాళ్లకి ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. రేడియేషన్ దగ్గర పరిచయమైన ఒకామెకి ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉంది, రేడియేషన్ అయిన కొన్నాళ్లకి ఇంప్లాంట్ పెట్టించుకుంది, హాయిగా ఉన్నానంటోంది. నా జబ్బు రెండేళ్లు నెమ్మదిగా ఉంటే నేనూ మళ్లీ ఆ సర్జన్ దగ్గరికి వెళ్తానేమో.

ఈలోగా ఈ ఎండాకాలానికి తేలికరకం సిలికాన్ తీసుకోవాలా, ఉన్నదాంతోనే లాగించాలా అని చూస్తున్నాను. మన కోస్తా ఉక్కలో అది వాడినవాళ్లుంటే చెమట సంగతి చెప్పండి. బరువు తక్కువేనని నాకూ తెలుసు.