క్లీవ్‌లాండ్ స్పైడర్స్, 1899 సీజన్: పేరు పాతదే, సరుకే మారిపోయింది (రేటింగ్: 5కి 1)

అమెరికా బేస్‌బాల్‌లో నేషనల్ లీగు జట్టయిన స్పైడర్స్‌ని 1898లో చూసి 1899 టికెట్టు కొన్నవాళ్లు నిలువునా మునిగారు. జట్టు పేరు అదే, లీగ్ పార్క్ మైదానమూ అదే. మైదానంలోకి దిగిన మనుషులు మాత్రం వేరు. అంతకుముందు ఏడాది 81 గెలుపులు, 68 ఓటములతో 12 జట్లలో అయిదో స్థానంలో నిలిచిన జట్టు ఈసారి 20 గెలిచి 134 ఓడింది. మొదటి స్థానంలో ఉన్న బ్రూక్లిన్‌కీ దీనికీ మధ్య గెలుపోటముల లెక్కలో 84 మ్యాచ్‌ల దూరం.

చాలామంది ఈ జట్టును నవ్వులాటగా చెప్పుకుంటారు. అసలు చూడాల్సింది తయారీ లోపం. యజమానులైన ఫ్రాంక్, స్టాన్లీ రాబిసన్ సోదరులు 1899 మొదట్లో వేలానికొచ్చిన సెయింట్ లూయిస్ జట్టును కూడా చేజిక్కించుకున్నారు. ఒకే లీగులో ఒకే చేతి కింద రెండు జట్లు. సెయింట్ లూయిస్ పెద్ద ఊరు, జనం వస్తారన్న లెక్కతో మంచి ఆటగాళ్లందర్నీ అక్కడికి తరలించారు. పిచర్ (బంతి విసిరేవాడు) సై యంగ్, రెండు సీజన్లలో .400 సగటు (పది ప్రయత్నాలకి నాలుగు హిట్లు) దాటి కొట్టిన జెస్సీ బర్కెట్, బాబీ వాలెస్, చివరికి మేనేజర్ ప్యాట్సీ టెబో కూడా వెళ్లిపోయారు. గింజ అటు పోయింది, తాలు ఇక్కడ మిగిలింది. పోనీ అంత చేసినా సెయింట్ లూయిస్ ఏమైనా ఏలిందా అంటే, 84 గెలిచి 67 ఓడి అయిదో స్థానం దగ్గరే ఆగింది. పాత స్పైడర్స్ ఏ మెట్టు మీద ఉన్నారో సరిగ్గా అదే మెట్టు!

ఇక విడిభాగాల సంగతి. ముందు పిచింగ్, ఎందుకంటే బండి ఇక్కడే చెడింది. జిమ్ హ్యూయీ 4 గెలిచి 30 ఓడాడు. చార్లీ నెప్పర్ 4 గెలిచి 22 ఓడాడు. జట్టు మొత్తం 154 మ్యాచ్‌లలో ఇచ్చిన పరుగులు 1,252, అంటే మ్యాచ్‌కి ఎనిమిది పైనే. కొట్టిన పరుగులు 529, మూడున్నర కూడా రాలేదు. ఈ తేడాకి ఆనాటి నియమాలు కూడా ఆజ్యం పోశాయి. అప్పటికి నేషనల్ లీగులో మామూలు ఫౌల్‌ని (గీత బయటికి కొట్టిన బంతిని) స్ట్రైక్‌గా (ఇవి మూడైతే బ్యాటర్ అవుట్) లెక్కపెట్టేవాళ్లు కాదు, ఆ మార్పు 1901లో వచ్చింది. కాబట్టి చెయ్యి తిరిగిన బ్యాటర్ నచ్చని బంతినల్లా పక్కకి తోసేస్తూ పిచర్ చెయ్యి పడిపోయేదాకా నిలబడొచ్చు. గురి తప్పిన బంతులు (బాల్స్) నాలుగైతే బ్యాటర్‌కి మొదటి బేస్ ఎలాగూ ఇవ్వాలి. పిచర్‌కి వేగమో, గురి తప్పని చెయ్యో లేకపోతే ఈ నియమం కింద ఇన్నింగ్స్ ఎప్పటికి తెమిలేది? విచిత్రమేమంటే, అలా ఫౌల్స్ కొట్టి పిచర్లని అలవగొట్టడంలో ఆరితేరినవాడు బర్కెట్. అతను కూడా సెయింట్ లూయిస్ వెళ్లిపోయాడు.

బ్యాటింగ్ అనుకున్నంత ఘోరం కాదు. జట్టు సగటు .253. కానీ సీజన్ మొత్తానికి హోమ్ రన్లు (ఒక్క దెబ్బకే బేసులన్నీ చుట్టేసే హిట్లు) 12. ఒక్కో హిట్ ఒక్కో బేస్ దగ్గరే ఆగిపోతుంటే పరుగులెక్కడివి?

మేనేజ్‌మెంట్‌కి సున్నా వెయ్యాలి. మొదట పగ్గాలు పట్టిన లేవ్ క్రాస్ 38 మ్యాచ్‌లలో 8 గెలిపించాడు. ఈ జట్టుతో అది చిన్న సంగతేం కాదు. యజమానులు అతన్ని కూడా సెయింట్ లూయిస్‌కి లాక్కున్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో పుట్టిన జో క్విన్ ఆడుతూనే జట్టును నడిపాడు. 12 గెలుపులు, 104 ఓటములు. ఆ 104 అతని తప్పు కాదు. రేటింగులో ఉన్న ఆ ఒక్క చుక్కా క్విన్‌కే.

ప్రేక్షకుడికి దక్కిందేంటి? సొంత ఊళ్లో 42 మ్యాచ్‌లకి మొత్తం 6,088 మంది వచ్చారు, మ్యాచ్‌కి సుమారు 145 మంది. ఇక్కడో చిన్న లెక్క. అందరూ 50 సెంట్ల టికెట్టే కొన్నారనుకున్నా మ్యాచ్‌కి గేటు వసూలు 72 డాలర్ల 50 సెంట్లు. అందులో సగం బయటి జట్టుకంటే 36 డాలర్ల పావు. పది పదిహేను మంది రైలు చార్జీలకీ, హోటల్ ఖర్చుకీ ఆ డబ్బు ఏ మూలకి? అందుకే మిగతా జట్లు క్లీవ్‌లాండ్ రామని మొరాయించాయి. సీజన్ రెండో సగమంతా స్పైడర్స్ దాదాపు ఊళ్లు పట్టుకుని తిరిగారు. బయట ఆడినవి 112, అందులో ఓడినవి 101. ఈ రికార్డు చెరగదు. ఇప్పటి షెడ్యూల్లో బయటి మ్యాచ్‌లు 81 మాత్రమే.

సరుకు చివరికొచ్చేసరికి పూర్తిగా పాడైంది. వరసగా 24 ఓటములు, మధ్యలో ఒక గెలుపు, మళ్లీ 16 ఓటములు. ఏడాది మొత్తమ్మీద వరసగా రెండు గెలిచింది ఒకే ఒక్కసారి. ఆఖరి రోజు సిన్సినాటిలో బంతి ఎవరి చేతికిచ్చారో తెలుసా? ఓ హోటల్లో చుట్టల కొట్టు గుమాస్తాకి. ఎడ్డీ కోల్బ్ అతని పేరు. 19-3తో ఓడారు.

ఒకే యజమానికి రెండు జట్లుంటే ఇలాగే అవుతుందని తోసిపుచ్చేవాళ్లు అదే ఏడాది బాల్టిమోర్‌ని చూడాలి. అక్కడా ఇదే ఏర్పాటు, బాల్టిమోర్, బ్రూక్లిన్ రెండూ ఒకే యజమానుల చేతిలో ఉన్నాయి. మేటి ఆటగాళ్లు కీలర్, జెన్నింగ్స్, కెల్లీలను బ్రూక్లిన్‌కి తీసుకుపోయారు. కానీ జాన్ మెగ్రా, విల్బర్ట్ రాబిన్సన్ బాల్టిమోర్‌లోనే ఉండిపోయారు. బాల్టిమోర్ 86 గెలిచి నాలుగో స్థానంలో నిలిచింది. ఇద్దరు గట్టివాళ్లు మిగిలినా దుకాణం నడుస్తుంది. క్లీవ్‌లాండ్‌లో అది కూడా మిగల్చలేదు.

1900లో లీగు 12 జట్ల నుంచి 8కి తగ్గినప్పుడు తీసేసిన నాలుగింట్లో క్లీవ్‌లాండ్ ఒకటి. పాత స్కోరు పట్టికలు తిరగేసేవాళ్లకి ఒక్క మాట: హ్యూయీ 4-30ని చూసి అతన్ని చెత్త పిచర్ల జాబితా మొదట్లో పెట్టకండి. వెనక అలాంటి జట్టుంటే సై యంగ్ పేరు పక్కన కూడా ఆ ఏడాది 26 గెలుపులు కనిపించేవి కావు.