మావయ్యకి ఒక్క పుస్తకమే కావాలట: మూడింట్లో ఏది మేలు?

రాజోలు దగ్గర మా మావయ్య లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఈమధ్య ఆయనకో కొత్త టెన్షన్ పట్టుకుంది. పొద్దున్న కాఫీ కూడా తాగకముందే చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఔరంగజేబుని దింపుతారు, మధ్యాహ్నానికి మిషనరీలు దిగుతారు, రాత్రయ్యేసరికి ఇద్దరు బావలు మాటలు మానేస్తారు. 2020 సెప్టెంబరులో అంతర్వేది నరసింహస్వామి రథం కాలిపోయినప్పుడైతే, ఎలా కాలిందో తేలకముందే మా గ్రూపులో తీర్పు కూడా అయిపోయింది. ఆ స్వామికి కొత్త రథం నెలల్లోనే తయారైంది గాని అప్పుడు గ్రూపులోంచి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు.

"ఒరే, ఏవేవో చదువుతుంటావు కదా, ఈ మతాల గొడవల మీద మంచి పుస్తకం ఒక్కటి చెప్పు. రెండు కొనను, రెండు చదివే కళ్ళూ లేవు" అన్నారు మావయ్య. నా దగ్గర మూడున్నాయి, మూడూ ఇంగ్లీషులోవే. ఆయనకి ఇంగ్లీషుతో ఇబ్బంది లేదు, ఓపికతోనే.

మూడింట్లో పాతది కారెన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రాసిన 'ఫీల్డ్స్ ఆఫ్ బ్లడ్', 2014లో వచ్చింది. ఆవిడ ఒకప్పుడు క్రైస్తవ సన్యాసిని, తర్వాత మఠం వదిలేశారు. యుద్ధాలన్నిటికీ మతమే కారణం అంటారే, అది ఎంతవరకు నిజమని అడుగుతూ మెసొపొటేమియా దగ్గర మొదలుపెట్టి చైనా, ఇండియా, క్రూసేడులు అన్నీ చుట్టి మన కాలపు టెర్రరిజం దాకా వస్తారు. పాత రోజుల్లో మతాన్నీ రాజ్యాన్నీ విడదీయడానికే కుదరదనీ, పండించేవాడి దగ్గర మిగులు లాక్కుని బతికే రాజ్యంలో హింస ముందునుంచే ఉందనీ ఆవిడ వాదన. నాకు బాగా నచ్చింది యూరప్ ముప్ఫై ఏళ్ళ యుద్ధం సంగతి. 1618 నుంచి 1648 దాకా కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కొట్టుకున్నారని మనం చదువుకున్నామా, తీరా చూస్తే కాథలిక్ ఫ్రాన్స్, అదీ ఒక కార్డినల్ (పోపు కింద పెద్ద పాదిరి) చేతిలో ఉన్న ఫ్రాన్స్, ప్రొటెస్టెంట్ స్వీడన్‌కి డబ్బు పోసింది.

మంచి పుస్తకమే, కాని మావయ్యకి పనికిరాదు. అది ఎక్స్‌ప్రెస్ బస్సులాంటిది, ఏ ఊళ్ళోనూ టీ తాగనివ్వదు. పైగా "తప్పు మతానిది కాదు" అన్న ఒక్క ముక్క పట్టుకుని సగం గ్రూపు చదవకుండానే చప్పట్లు కొడుతుంది, మిగతా సగం చదవకుండానే తిడుతుంది.

రెండోది మను ఎస్. పిళ్ళై 'గాడ్స్, గన్స్ అండ్ మిషనరీస్', 2024లో వచ్చింది. ఇటుక లాంటి పుస్తకం, వెనక నోట్సే బోలెడన్ని పేజీలు. పోర్చుగీసువాళ్ళు గోవాలో దిగిన దగ్గర్నుంచి సావర్కర్ దాకా, తెల్లవాళ్ళతో మిషనరీలతో తగువులాడుతూ ఒక్కోసారి వాళ్ళ పద్ధతులే తీసుకుంటూ ఇప్పటి హిందూ గుర్తింపు ఎలా రూపు కట్టిందో చెబుతుంది. ఇందులో మనుషులు ఉన్నారు, అదీ నాకు కావలసింది. రాబర్టో డి నోబిలి అని ఒక ఇటలీ పాదిరి 1606లో మదురై వచ్చి కాషాయం కట్టి, మాంసం మానేసి, జంధ్యం వేసుకుని సన్యాసిలా బతికాడు. సాటి పాదిరీలే ఇదేం క్రైస్తవం అని రోమ్‌కి ఫిర్యాదు చేస్తే చివరికి 1623లో పోపు ఆయన పక్షమే తీసుకున్నాడు. ఈస్టిండియా కంపెనీ తీరు ఇంకా విచిత్రం. మిషనరీలు వస్తే జనం తిరగబడతారు, వ్యాపారం చెడుతుందని 1813 దాకా వాళ్ళని గుమ్మం బయటే ఉంచింది, తను మాత్రం పూరీ యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహాలకి సేవ చేయడమేంటని మిషనరీలు ఇంగ్లండులో గోల పెట్టారు. "తెల్లవాళ్ళందరూ మతం మార్చడానికే వచ్చారు" అనేవాడికీ, "తెల్లవాళ్ళే మనల్ని బాగుచేశారు" అనేవాడికీ ఈ ఒక్క సంగతితో నోట్లో పచ్చి వెలక్కాయ పడుతుంది.

మన డెల్టావాళ్ళకి ఇది కొత్తగా చెప్పాలా అసలు? నరసాపురంలో బౌడెన్, బీర్ దంపతులు మిషన్ పెట్టింది 1830లలో. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, కట్టించిన కాటన్ దొర గట్టి క్రైస్తవ భక్తుడు. ఆ దొరనే భగీరథుడితో పోల్చి గోదావరి స్నానంలో శ్లోకం చదువుతారు మన పురోహితులు. ఆ శ్లోకం చదివే ఇళ్ళలోంచే మా గ్రూపులోకి మిషనరీల మెసేజ్‌లు వస్తాయి, ఆయ్.

కులం విషయంలో కూడా ఈ పుస్తకం కళ్ళు మూసుకోలేదు, ఫూలే ఉన్నాడు. కాని మన పల్లెల్లో చర్చి గొడవ సగం పేట గొడవే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, అందుకని కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకొకటి. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్న జాషువా ఎన్ని అవమానాలు పడ్డాడో తెలిసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ లోతుకి వెళ్ళాలంటే ఈ మూడూ చాలవు.

మూడోది సుప్రియా గాంధీ 'ది ఎంపరర్ హూ నెవర్ వాజ్', 2020. షాజహాన్ పెద్దకొడుకు దారా షికో జీవితం. కాశీ పండితుల్ని కూర్చోబెట్టుకుని ఉపనిషత్తుల్ని 1657లో పర్షియన్‌లోకి తెచ్చినవాడు, రెండేళ్ళకి తమ్ముడు ఔరంగజేబు చేతిలో చచ్చిపోయినవాడు. దారా గెలిస్తే దేశం ఇంకోలా ఉండేదని నిట్టూర్చడం మనకి అలవాటు కదా, ఆవిడ ఆ నిట్టూర్పుని నెమ్మదిగా పక్కన పెడుతుంది. దారా కూడా రాజు కావాలనుకున్న మనిషే. అతని వేదాంతం నిజమైనదే, కాని అది సింహాసనం మీద ఆశకి దూరంగా పెరిగింది కాదు. ఇక యుద్ధం సంగతి చూడండి: పారిపోతున్న దారాని ఔరంగజేబు తరఫున తరుముకుంటూ వెళ్ళింది రాజపుత్రుడు జైసింగ్.

జ్ఞానానికి రెండోదే మేలు, నా ఓటూ దానికే. కాని మావయ్యకి మూడోదే చెప్పాను. ఒక ఇల్లు, నలుగురు అన్నదమ్ములు, ఒక ముసలి తండ్రి, ఆస్తి. ఇది కోనసీమలో ఎవరికీ కష్టం కాదు. చదవడం మొదలుపెడితే ఆపరు, ఔరంగజేబు గురించి మెసేజ్ వచ్చినప్పుడు చెప్పడానికి చేతిలో ఏదో ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని వదిలేయమన్నాను.

పది రోజులకి ఫోన్ చేశారు.

"ఒరే, ఈ జైసింగ్ మనవాడా, వాళ్ళవాడా?"

"మనవాడంటే ఎవరికి, మావయ్యా?"

కాసేపు మాట లేదు. తర్వాత, "సరే గాని ఆ ఇటుక లాంటిది కొనను, నీదే పట్టుకురా. బల్ల మీద పెట్టుకుని చదువుతాలే" అన్నారు.