బెరుకు గ్రేహౌండ్‌కి ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు: దత్తతకు ముందు వాడే సామాన్లపై రివ్యూ

రేసుల నుంచి బయటపడ్డ గ్రేహౌండ్ కుక్క దత్తతకు వెళ్లేలోపు కొన్ని వారాలు ఫోస్టర్ ఇంట్లో, అంటే తాత్కాలికంగా సాకేవాళ్ల దగ్గర ఉంటుంది. ఆ కొన్ని వారాల్లో దానికి ధైర్యం తెప్పిస్తామంటూ అమ్మే వస్తువులకు లెక్కలేదు. మెడపట్టీలు, ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్‌లు, ముక్కుతో వెతుక్కునే చాపలు, నాకుడు పళ్లేలు, ఒంటికి బిగించే చొక్కాలు, గోడకు పెట్టే వాసన ప్లగ్గులు. నిజానికి వీటిలో ఏదీ ధైర్యం ఇవ్వదు. భయమేసినప్పుడు పక్కకి తప్పుకునే వీలు కుక్కకి మిగిల్చే వస్తువు పనికొస్తుంది, ఆ వీలును లాగేసుకునేది దండగ. కింది మార్కులన్నీ ఆ లెక్క మీద వేసినవే.

జారని చాపలు: 5కి 5

అన్నిటికన్నా ముందు కొనాల్సింది కుక్కల సామాన్ల కొట్లో దొరికేది కాదు. అడుగున రబ్బరున్న పొడుగు చాప, లేదా మామూలు యోగా మ్యాట్.

కెన్నెల్‌లో పెరిగి, ట్రాక్ మీద ఇసుకలో పరిగెత్తిన కుక్క నున్నటి టైల్స్‌ని ఎప్పుడూ తొక్కి ఉండకపోవచ్చు. అద్దాల తలుపు, మెట్లు, టీవీ, వాక్యూమ్ క్లీనర్ కూడా దానికి కొత్తే గానీ మొదటి దెబ్బ తీసేది నేల. 30 కిలోల ఒళ్లు, పొడుగు కాళ్లు. ఒక్కసారి కాలు జారిందంటే ఒళ్లంతా బిగబట్టి, వేళ్లు ముడుచుకుని, గోళ్లతో నేలను పట్టుకోబోతుంది. గోళ్లకు టైల్స్ చిక్కవు కాబట్టి మరింత జారుతుంది. రెండు మూడుసార్లు అలా జరిగాక గడప దగ్గరే కొయ్యబారి నిలబడిపోతుంది. చూసేవాళ్లు ‘పాపం, మనుషులంటే హడలు’ అనుకుంటారు. అది చాలాసార్లు నేలంటే భయం.

పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్నుంచి బయటి తలుపు దాకా మధ్యలో ఖాళీ లేకుండా పరవండి. తిన్నగా నడిచే చోట 60 సెంటీమీటర్ల వెడల్పు చాలు. మలుపుల దగ్గర, తలుపు దగ్గర మాత్రం రెండు చాపలు పక్కపక్కన వేయాలి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. గ్రేహౌండ్ ఒళ్లు పొడుగు, వెనక్కి తిరగాలంటే చోటు కావాలి. చోటు చాలకపోతే ముందుకాళ్లు చాప మీదుండగానే వెనక కాళ్లు టైల్స్ మీదకి దిగి జారతాయి. మూడు నాలుగు రోజులు నింపాదిగా నడిచాక చాపల మధ్య జానెడు ఖాళీ వదిలి, అవతలి చాప మీద తిండి ముక్క పెట్టండి. ముందుకాలు ఎత్తి మళ్లీ దించేసిందంటే ఖాళీ ఎక్కువైనట్టే, సగం చేయండి. మెడపట్టీ పట్టుకుని లాగి దాటించారో, మొత్తం మొదటికొస్తుంది.

అడుగున పట్టులేని కార్పెట్ ముక్కలు అసలు వద్దు. చాపే కుక్కతోపాటు జారితే ఆ తర్వాత అది ఏ చాపనీ నమ్మదు. యోగా మ్యాట్‌కి ఒక లోపముంది: గోళ్లకు పెచ్చులూడుతుంది. ఊడినవి మింగే అలవాటున్న కుక్కకి రబ్బరు చాపే మేలు. గోళ్లకు తొడిగే రబ్బరు రింగులు సైజు కుదిరితే పనిచేస్తాయి గానీ, తొడగాలంటే పాదం పట్టుకోవాలి. పాదం ముట్టనివ్వని కుక్కకి మొదటి వారంలోనే ఆ పని పెట్టుకోకండి.

మార్టింగేల్ మెడపట్టీ: 4.5

గ్రేహౌండ్ మెడ కన్నా తల సన్నం. మామూలు బకిల్ పట్టీ ఎంత బిగించినా, బెదిరి వెనక్కి గుంజితే తల మీదుగా ఊడొస్తుంది. మార్టింగేల్‌లో రెండు వలయాలుంటాయి. లీష్ (చేత్తో పట్టుకునే తాడు) లాగినప్పుడు చిన్నది బిగిసి పెద్దదాన్ని మెడ చుట్టూ దగ్గరికి తెస్తుంది, లాగుడు ఆగగానే వదులవుతుంది. వెడల్పు 4 నుంచి 5 సెంటీమీటర్లుండాలి. ఈ కుక్కల చర్మం పల్చన, సన్న పట్టీ కోసుకుంటుంది.

అమరిక ఇలా చూడండి. పట్టీని మెడ పైభాగాన, చెవుల వెనకే ఉంచి లీష్ రింగును పూర్తిగా లాగండి. అప్పుడు పక్కల ఉండే రెండు ఇనుప రింగులు ఒకదానికొకటి తగలకూడదు, మధ్యలో రెండు వేళ్ల సందుండాలి. తగిలాయంటే పట్టీ ఇక బిగియదు, తల మీదుగా ఊడొచ్చేంత వదులన్నమాట. నడిచేటప్పుడు పట్టీ మెడ కిందికి జారుతుంటుంది. అది మళ్లీ పైకి సర్దాకే తలుపు తీయాలి. నైలాన్ పట్టీ వాడేకొద్దీ సైడు బిగింపు జారుతుంది కాబట్టి వారానికోసారి కొలత చూసుకోండి. సగం మార్కు తీసేసింది అందుకే.

ఇంట్లో వదిలేసినప్పుడు ఇది తీసేయాలి. వేలాడే వలయం క్రేట్ (కుక్క పడుకునే కమ్మీల పెట్టె) కమ్మీకో తలుపు గెడకో తగులుకుంటే మెడకు ఉచ్చే. పేరు, ఫోన్ నంబరున్న బిళ్లకి విడిగా ఒక సన్న పట్టీ ఉంచండి.

మూడు పట్టీల హార్నెస్: 4

బెదిరిన గ్రేహౌండ్ ముందుకు పరిగెత్తడం కన్నా వెనక్కి జారడం ఎక్కువ. తల వంచి, మోచేతులు దగ్గరికి ముడిచి వెనక్కి నడిచిందంటే రెండు పట్టీల హార్నెస్ చొక్కా విప్పినట్టు ఊడిపోతుంది. మూడో పట్టీ పక్కటెముకలు దాటాక నడుము సన్నబడే చోట పడుతుంది. వెనక్కి జారాలంటే వెడల్పాటి ఛాతీ ఆ సన్నటి వలయంలోంచి రావాలి, రాదు. కొనేముందు చూడాల్సిందల్లా ఆ పట్టీ నిజంగా నడుము దగ్గర పడుతుందా లేదా అని. పక్కటెముకల మీదే ఆగిపోతే మూడున్నా రెండున్నట్టే. మగకుక్కల్లో మరీ వెనక్కి పోతే కింద ఒరుసుకుంటుంది. మోచేతికీ రెండో పట్టీకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉండాలి, లేదంటే చంకలో చర్మం లేస్తుంది.

మెడ దగ్గర బకిల్ విడిపోయే మోడలే తీసుకోండి. తల మీదుగా దూర్చేవి మంచి నాణ్యతతో దొరుకుతాయి గానీ, బెరుకు కుక్క ముఖం మీదికి వలయం పట్టుకుని వంగడమంటే దాన్ని తరమడమే. హార్నెస్ ఎన్నాళ్లకు అలవాటవుతుందో తేల్చేది చాలావరకు బకిల్ ‘టక్’మనే చప్పుడు. మొదటి రెండు రోజులు హార్నెస్ తిండి గిన్నె పక్కన నేల మీద పడి ఉండాలి, అంతే. తర్వాత పక్క గదిలో బకిల్‌ని తువ్వాలులో చుట్టి నొక్కండి, వెంటనే ఒక ముక్క వేయండి. చెవి అటు తిప్పి మళ్లీ తినసాగితే తువ్వాలు తీసేయొచ్చు, ఆ తర్వాత దగ్గరికి రావచ్చు. ఒంటి మీద ఆనించి తీసేయడం, మెడ బకిల్ పెట్టి తీసేయడం, చివరికి మూడూ పెట్టడం. ఒక్కో మెట్టుకి ఒక రోజు పట్టినా నష్టం లేదు. హడావిడిగా ఒక్కరోజులో తొడిగితే మర్నాడు హార్నెస్ చేతిలో చూడగానే మూల చేరుతుంది.

లీష్ రెండు కొసలా క్లిప్పున్నది, 2 మీటర్లది. ఒక క్లిప్పు మార్టింగేల్‌కి, ఇంకొకటి హార్నెస్‌కి. ఒకటి ఊడినా రెండోది ఉంటుంది. పొడుగు తాడు వాడాలంటే 5 మీటర్లు మించనివ్వకండి, హార్నెస్‌కే కట్టండి. గంటకు 70 కిలోమీటర్ల దాకా అందుకునే కుక్క కొద్ది అంగల్లోనే ఊపందుకుంటుంది, ఆ ఊపు తాడు చివర మెడ మీద పడితే ప్రాణం మీదికొస్తుంది. చక్రంలోకి చుట్టుకునే లీష్‌కి సున్నా. చేయి జారితే ఆ ప్లాస్టిక్ పిడి నేల మీద డబడబలాడుతూ కుక్క వెంటే వస్తుంది. అది ఎంత పరిగెత్తితే పిడి అంత వెంటపడుతుంది.

తిండి సంచీ, క్లిక్కర్: సంచీకి 4, క్లిక్కర్‌కి 2

నడుముకి కట్టుకునే సంచీలో అయస్కాంతంతో మూసుకునేది కొనండి. స్ప్రింగుతో ఠపీమని మూసుకునేవి, జిప్పులు వద్దు. క్లిక్కర్ అంటే కుక్క సరైన పని చేసిన క్షణాన నొక్కి ‘టిక్’మనిపించే చిన్న పరికరం. పెట్టె క్లిక్కర్ చప్పుడు చాలా గ్రేహౌండ్లకు పదును ఎక్కువ. బాల్‌పెన్ నొక్కిన చప్పుడు చాలు, లేదా ‘భేష్’ లాంటి చిన్న మాట. ఏదైనా సరే, చప్పుడైన వెంటనే ముక్క పడాలి.

సంచీ సరే, ముక్క ఎటు వేస్తారన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. అరచేతిలో తిండి పెట్టి ‘రా రా’ అంటూ పిలిస్తే బెరుకు కుక్క వెనక కాళ్లు ఎక్కడివక్కడే ఉంచి, ఒళ్లు తాడులా సాగదీసి, మూతి మాత్రం చేతికి అందిస్తుంది. ముక్క నోట్లో పడ్డాక తలెత్తి చూస్తే మనిషి జానెడు దూరంలో! ఒక్క గెంతున వెనక్కి పోతుంది. తిండి ఆశ దాని ధైర్యానికి మించి ముందుకు లాక్కొచ్చింది. మాలిమి అయిందనుకుని కొత్తవాళ్లు పొంగిపోయేదీ, మర్నాడు తెల్లబోయేదీ ఇందుకే.

దీనికి విరుగుడు ముక్కను కుక్క వెనక్కి విసరడం. పక్కకి తిరిగి, చూపు కలపకుండా కూర్చోండి. శనగగింజంత ముక్క దాని వెనక రెండు మీటర్ల అవతల పడేలా కింది నుంచి మెల్లగా వేయండి, చెయ్యి పైకెత్తకూడదు. అది వెనక్కెళ్లి తిని, తలతిప్పి చూసి, తనంతట తాను ఒకడుగు ముందుకొస్తుంది. ఆ అడుగుకి జవాబుగా మళ్లీ వెనక్కే వేయాలి. దగ్గరికొచ్చిన ప్రతిసారీ దూరం జరిగే అవకాశం దొరుకుతుంటే దగ్గరికి రావడం చవకైపోతుంది. విడతకు 8 నుంచి 10 ముక్కలు, రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదు విడతలు. రోజు తిండిలో మూడో వంతు ఈ ముక్కల కోసం తీసి పెట్టండి, లేకపోతే ఆకలి ఉండదు. పెదవులు నాక్కోవడం, ఆవులించడం, తోక పొట్టకి అంటుకుపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఇష్టమైన ముక్కనూ ముట్టకపోవడం కనిపిస్తే ఆ విడత అక్కడితో ఆపేయాలి. ఆ తర్వాత అదే ధోరణిలో అరచేతికి ముక్కు ఆనించడం నేర్పొచ్చు: చెయ్యి 15 సెంటీమీటర్ల దూరంలో, కదలకుండా. ముక్కు తానే రావాలి, చెయ్యి వెళ్లకూడదు.

వెతుకుడు చాప 3.5, నాకుడు పళ్లెం 3

ఫ్లీస్ పీలికల మధ్య తిండి దాచే చాప మంచిదే, ముక్కుకి పని దొరికితే కుక్క నిమ్మళిస్తుంది. కానీ మొదటిరోజే పీలికల అడుగున కుక్కేస్తే దొరక్క వదిలేస్తుంది. మూడొంతులు పైనే చల్లండి. పీలికలు కొరికి మింగే కుక్క దగ్గర దీన్ని వదిలి వెళ్లకండి. సిలికాన్ పళ్లెం మీద మెత్తటి తిండి పూసి, గడ్డకట్టించి ఇవ్వమని అట్ట మీద రాస్తారు. బెరుకు కుక్కకి అది మరీ కష్టం, పల్చగా పూసి ఇవ్వండి. వేరుశనగ వెన్న వాడితే అందులో జైలిటాల్ లేదని చూసుకోండి, అది కుక్కలకు విషం.

ఒంటికి బిగించే చొక్కా 1.5, వాసన ప్లగ్గు 2.5

చొక్కా వేయగానే కుక్క కదలకుండా నిలబడితే ‘శాంతించింది’ అని సమీక్షల నిండా రాస్తారు. గ్రేహౌండ్ కొయ్యబారిందంటే భయపడిందనే అర్థం. వేసుకున్నాక తింటుందా, నడుస్తుందా, పడుకుంటుందా చూడండి. మూడూ లేకపోతే తీసేయండి. ఫెరమోన్ (కుక్కలు పసిగట్టే, నిమ్మళింపజేస్తుందనే రసాయనం) ప్లగ్గుల్లో, ఎడాప్టిల్ లాంటివాటిలో, ఒక రీఫిల్ 30 రోజులొస్తుంది. అధ్యయనాల ఫలితాలు ఒకే దారిలో లేవు. హాని లేదు గనక డబ్బు మిగిలితే పెట్టుకోండి, చాపల డబ్బు మాత్రం దీనికి తీయకండి.

పరుపు 4.5, క్రేట్ 3.5

గ్రేహౌండ్ ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, ఎముకలు నేలకు ఒత్తుకుంటాయి. కనీసం 10 సెంటీమీటర్ల మందమున్న ఫోమ్ పరుపు, మూలగా, వెనక గోడ ఉండేలా, ఎవరూ దాటుకుంటూ పోని చోట వేయండి. కొన్ని గ్రేహౌండ్లు కళ్లు తెరిచే నిద్రపోతాయి, ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవొచ్చు. దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, చెవి కదిలాకే దగ్గరికెళ్లాలి. క్రేట్ ఆడకుక్కకి 42 అంగుళాలది, పెద్ద మగకుక్కకి 48 అంగుళాలది. తలుపు తీసే ఉంచండి. అడుగు రేకు గలగలలాడకుండా కింద ఒక చాప వేయండి.

కొనేముందు ఒక్కసారి డాక్టరు దగ్గరికి

బెరుకనుకునేది నొప్పి కావచ్చు. గ్రేహౌండ్ల పాదాల మెత్తల్లో ఆనెకాయలు ఎక్కువగా వస్తాయి. పచ్చిక మీద బాగా నడిచి, గట్టి నేల మీద కాలెత్తి ఆగిపోతే ముందు పాదం చూపించండి. పళ్లు కూడా చూపించండి. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్ టి4 తక్కువొచ్చిందని భయానికి అదే కారణమని మాత్ర రాస్తే ఒకసారి ఆగండి. ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్లలో టి4 మిగతా జాతుల కన్నా తక్కువే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన డాక్టరుతో మళ్లీ చూపించుకోవాలి.

దత్తత రోజున కొత్త ఇంటికి పంపాల్సినవి: మార్టింగేల్, సరైన కొలత దగ్గర మార్కర్‌తో గీత గీసి, హార్నెస్, ‘భేష్’ అంటారో ఇంకేమంటారో ఆ మాట రాసిన చీటీ, రెండు చాపలు. చాపలు ఉతకొద్దు. కారు దిగేముందే ఒకటి కొత్త ఇంటి గడప లోపల, ఒకటి పరుపు ముందు పరిచి ఉండాలి.